షాంఘై మేడలకీ చీమకుర్తి రాయికీ ముడిపెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మా బావమరిది మీ పత్రిక ప్రకాశం పేజీలోంచి ఒక వార్త కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకొని మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగకముందే దాన్ని బల్ల మీద పరిచాడు. చైనాలోని షాంఘైలో కోట్ల ఖరీదు చేసే ఫ్లాట్లు అమ్మకానికి పెట్టిన రోజే అయిపోతున్నాయని, డబ్బున్నోళ్ళ ఇళ్ళ మార్కెట్టు అక్కడ పెరుగుతూనే ఉందని, కాబట్టి మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కి మళ్ళీ మంచి రోజులు వచ్చినట్టేనని అందులో ఉంది. “ఇంక ఆలోచించేదేముంది బావా?” అన్నాడు. సంతనూతలపాడు దగ్గరున్న ఎకరంన్నర అమ్మి, చీమకుర్తిలో ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో వాటా తీసుకోవాలని వాడి ప్లాను. బేరం కుదిరిందట, బయానా ఇవ్వడమే మిగిలిందట.

నేను గంటసేపు చెప్పాను. వినలేదు. లోపల్నుంచి మా ఆవిడ, “మీరు చెప్తే మా తమ్ముడు వినడు. పేపర్లో పడితే వింటాడు. ఆ పేపరోళ్ళకే రాయండి” అంది. అందుకే ఈ ఉత్తరం.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఈ ముసలాయనకి షాంఘై సంగతులెందుకు అనుకుంటారు. 1994లో చీమకుర్తిలో ఒక గ్రానైట్ కంపెనీలో కొలతలు రాసే గుమాస్తాగా చేరాను. తర్వాత మార్కింగ్, ఆ తర్వాత ఎగుమతుల పని చూశాను. 2021లో రిటైరయ్యాను. చైనా బయ్యర్లని ఒంగోలు స్టేషన్లో దించుకొని క్వారీకి తీసుకెళ్ళడం, ఎండలో వాళ్ళ వెనక గొడుగు పట్టుకొని తిరగడం, బ్లాకు, అంటే క్వారీలో కోసి తీసిన పెద్ద రాతి దిమ్మ, మీద బకెట్టెడు నీళ్ళు పోసి చుక్క ఎట్లా ఉందో చూపించడం, చివరికి కృష్ణపట్నం పోర్టులో సరుకు ఎక్కేదాకా ఫోను పట్టుకొని కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం. గెలాక్సీ రాయి ప్రపంచంలో మన చీమకుర్తి చుట్టుపక్కలే దొరుకుతుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు. నీళ్ళు పోస్తేగానీ ఆ చుక్క అందం బయటపడదు, గీత ఉన్నా అప్పుడే బయటపడుతుంది.

మా దగ్గరికి ఎప్పుడూ వచ్చే బయ్యరు ఒకాయన ఉండేవాడు. చైనాలో షియామెన్ అనే ఊరి వైపు మనిషి. చేతిలో చిన్న సుత్తి పట్టుకొని ప్రతి బ్లాకునీ నాలుగు మూలలా కొట్టి, చెవి పెట్టి వినేవాడు. లోపల పగులుంటే శబ్దం మారుతుంది. మేం ఆయన్ని సుత్తి దొర అనేవాళ్ళం. బేరం దగ్గర కూర్చుంటే అర సెంటీమీటరు కోసం రెండు గంటలు మాట్లాడేవాడు కాబట్టి ఆ పేరు రెండు రకాలుగానూ సరిపోయింది. షాంఘై గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆయన చలవే.

2007లో షియామెన్ రాతి ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు ఆయనే నన్ను షాంఘై తీసుకెళ్ళాడు. రాత్రి హువాంగ్‌పు నది ఒడ్డున నిలబెట్టి అవతల పుడోంగ్ వైపు చూపించాడు. 1990లో ఆ ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తామని ప్రభుత్వం ప్రకటించే నాటికి అక్కడ పొలాలూ గోడౌన్లూ ఉండేవట. పదిహేడేళ్ళు తిరిగేసరికి నేను చూసింది మాత్రం ఆకాశం నిండా అద్దాల మేడలు. అన్నీ ధగధగా వెలుగుతున్నాయి. వాటి మధ్య నది పక్కనే నాలుగు పెద్ద టవర్లు మాత్రం దాదాపు చీకటిగా ఉన్నాయి. కట్టడం అవలేదేమో అనుకున్నాను. పూర్తయిందన్నాడు. టామ్సన్ రివియెరా అంటారు. 2005లో అమ్మకానికి పెట్టారు. చదరపు మీటరు లక్ష యువాన్లు పైమాటే. అప్పటి మారకంలో లెక్కేస్తే చదరపు అడుగు యాభై వేల రూపాయలు దాటుతుంది. ఆ రోజుల్లో ఒంగోల్లో ఆ డబ్బుకి గజాల్లో స్థలమే వచ్చేది. కొనేవాళ్ళు లేక రెండేళ్ళు దాటినా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఫ్లాట్లే అమ్ముడయ్యాయి. ఊరంతా దాన్ని చూసి నవ్వుకుందట. తర్వాత తర్వాత ఆ రేటే మామూలైపోయింది. ఇప్పుడు షాంఘై నడిబొడ్డున కొత్త ఖరీదైన ఫ్లాట్లు చదరపు మీటరు లక్షన్నర, రెండు లక్షల యువాన్ల మధ్య పోతున్నాయి. మన లెక్కలో అడుగు సుమారు రెండు లక్షల రూపాయలు. మీ వార్తలో ఆ మాట తప్పు కాదు. ఆ ఇళ్ళు నిజంగానే అమ్ముడవుతున్నాయి. నా పేచీ, కాబట్టి మన గ్రానైట్‌కి మంచి రోజులొచ్చాయన్న చివరి రెండు లైన్లతోనే.

కాకపోతే ఎందుకు అమ్ముడవుతున్నాయో కూడా రాసుంటే మా బావమరిది ఇంత తొందరపడేవాడు కాదు.

అక్కడ చాలా ఏళ్ళు కొత్త ఫ్లాట్ల రేటుకి ప్రభుత్వం ఒక పరిమితి పెట్టింది. పక్క వీధిలో అయిదేళ్ళ కిందట కట్టిన ఫ్లాటు కన్నా కొత్త ఫ్లాటు చవగ్గా వచ్చేది. అంటే దక్కినవాడికి దక్కిన రోజే లాభం. ఇంక ఎగబడరా? అందుకని లాటరీ పెట్టారు. లాటరీలో పేరు వేయించుకోవాలంటే ముందు పెద్ద మొత్తం బ్యాంకులో చూపించాలి. 2021 నుంచి మార్కుల పద్ధతి కూడా తెచ్చారు. సొంతిల్లు లేనివాళ్ళకి, సోషల్ ఇన్సూరెన్స్ ఎక్కువ ఏళ్ళు కట్టినవాళ్ళకి ఎక్కువ మార్కులు. 2024లో మన రాష్ట్రంలో మద్యం షాపులకి లాటరీ తీసినప్పుడు కలెక్టరేట్ల దగ్గర ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకోండి. ఆ జనాన్ని చూసి, మన జిల్లాలో తాగేవాళ్ళు పదింతలయ్యారని ఎవరైనా అన్నారా?

ఇంకో చిత్రం. ఒక కుటుంబం ఇన్ని ఇళ్ళే కొనాలని షాంఘైలో పరిమితి. దాంతో జనం విడాకులు తీసుకోవడం మొదలుపెట్టారు. కాగితం మీద భార్యాభర్తలు విడిపోతారు, ఆవిడ పేరున ఒకటి, ఆయన పేరున ఒకటి కొంటారు, మళ్ళీ పెళ్ళి చేసుకుంటారు. మన దగ్గర రేషన్ కార్డు కోసం ఒకే ఇంట్లో రెండు కాపురాలు చూపించడం లాంటిదే, కాకపోతే అక్కడ తేడా కోట్లలో. చివరికి 2021 జనవరిలో, విడాకులై మూడేళ్ళు నిండకపోతే పాత కుటుంబం లెక్కే చూస్తామని రూలు పెట్టాల్సి వచ్చింది. బయటి ఊళ్ళ వాళ్ళు కొనాలంటే షాంఘైలో అయిదేళ్ళు ఇన్సూరెన్స్ కట్టినట్టు చూపించాలనే షరతుని 2024 మే నెలలో మూడేళ్ళకి తగ్గించారు. ఎందుకు తగ్గిస్తారు? మామూలు ఇళ్ళు కదలకపోతే కదా. అదే 2024లో షాంఘైలో కొత్త ఇళ్ళ సగటు రేటు పెరిగింది, పాత ఇళ్ళ రేటు తగ్గింది. రెండూ ఒకే ఊరివి, రెండూ ప్రభుత్వం ఇచ్చిన లెక్కలే. మీ వార్తలో మొదటి సగమే వచ్చింది.

సొంతం అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. చైనా పట్టణాల్లో భూమి మొత్తం ప్రభుత్వానిదే. మనిషి కొనేది ఇల్లూ, ఆ స్థలం మీద 70 ఏళ్ళ హక్కూ. గడువు తీరాక దానంతటదే పొడిగిస్తామని 2007 చట్టంలో రాసుకున్నారు. నేను ఈ మాట చెప్తే బావమరిది నమ్మలేదు. “రెండు లక్షలు పెట్టి అడుగు కొని, భూమి మనది కాకపోతే ఎట్టా బావా?” అన్నాడు. అట్టాగే. 1998 దాకా అసలు పట్నాల్లో చాలామందికి ఇల్లు కొనుక్కోవడమే తెలీదు. ఫ్యాక్టరీయో ఆఫీసో ఇల్లిచ్చేది, మన రైల్వే క్వార్టర్లలాగా. ఆ ఏడు ఆ పద్ధతి ఆపేశారు. అప్పటినుంచి ఊళ్ళ ప్రభుత్వాలకి స్థలాల హక్కులు వేలం వెయ్యడమే పెద్ద ఆదాయమైంది. వేలం పాట పెరిగితే ఇల్లు రేటు పెరుగుతుంది, ఇల్లు రేటు పెరుగుతుందన్న ఆశతో పాట ఇంకా పెరుగుతుంది.

సుత్తి దొర నన్ను తిప్పిన చోట్లలో నాకు బాగా గుర్తున్నది నది ఒడ్డు కాదు, షిన్‌తియాన్‌ది అనే పేట. అక్కడి పాతకాలం ఇళ్ళని షికుమెన్ అంటారు. గుమ్మాలకి రాతి చట్రం ఉంటుంది, ఆ పేరూ ఆ రాతి వాకిలి వల్ల వచ్చిందే. రాయి కనిపిస్తే చెయ్యి వెయ్యకుండా ఉండలేను కదా, ఒక గుమ్మం తడిమాను. చేత్తో చెక్కిన రాయి. మెషిను కోత కాదు. చైనా మాటలు మాకు తర్జుమా చేసి చెప్పడానికి వచ్చిన షాంఘై అమ్మాయి, వాళ్ళ అమ్మమ్మ ఇలాంటి సందులోనే ఉండేదని చెప్పింది. ఒక్కో వాకిట్లో నాలుగైదు కుటుంబాలు, అందరికీ ఒకటే వంటగది, ఎవరింట్లో ఏం కూరో సందు చివరిదాకా తెలిసేదట. ఆ సందు కొట్టేసి వాళ్ళకి ఊరి చివర ఫ్లాటు ఇచ్చారు. ఫ్లాటు మంచిదే, లిఫ్టు ఉంది, సొంత వంటగది ఉంది. అమ్మమ్మకి మాత్రం మాట్లాడేవాళ్ళు లేరు అంది. షిన్‌తియాన్‌దిలో గోడలు అట్లాగే ఉంచి, లోపల హోటళ్ళూ బట్టల షాపులూ పెట్టి 2001లో తెరిచారు. చుట్టూ లేచిన ఫ్లాట్లు ఆ ఊళ్ళో ఖరీదైనవాటిలో చేరాయి. 1921లో చైనా కమ్యూనిస్టు పార్టీ మొదటి మహాసభ జరిగిన ఇల్లు కూడా ఆ పక్కనే ఉంది. కాసేపు నిలబడి చూసి వచ్చాం. ఎదురుగా హోటల్లో ఒక కాఫీ రేటు చూసి నేను మంచినీళ్ళు తాగి సరిపెట్టుకున్నాను.

సరే, అసలు విషయం రాయి.

మన చీమకుర్తి రాయి చైనాకి ఎక్కువగా బ్లాకులుగానే వెళ్ళేది. షియామెన్ పక్కన షుయ్‌తోవ్ అని ఒక ఊరుంది. ఊరంతా రాతి కోత. మన బ్లాకు అక్కడ పలకలవుతుంది, పాలిష్ అవుతుంది, కొంత చైనాలోనే మిగిలి కొంత మళ్ళీ వేరే దేశాలకి పోతుంది. చైనాలో మిగిలిన రాయి ఎవరింటికి వెళ్ళేది? నేను పంపిన ఇన్వాయిస్‌లు నాకు గుర్తున్నాయి, ఆర్డర్లు ఎట్లా వచ్చేవో గుర్తుంది. మెట్లు, కిటికీ గట్లు, వంటింటి గట్లు, బ్యాంకు కౌంటర్లు, హోటలు లాబీలు, షాపింగ్ మాల్ నేలలు. అంటే వేల ఊళ్ళలో లక్షల మామూలు ఫ్లాట్లు కడుతుంటే వచ్చిన గిరాకీ. షాంఘై కోటీశ్వరుడి పడగ్గదికి కాదు.

ఒక చిన్న లెక్క చెప్తాను, మా వాళ్ళు ఎవరైనా సరిచూసుకోవచ్చు. గ్యాంగ్‌సా అంటే చాలా బ్లేడ్లతో బ్లాకుని ఒకేసారి పలకలుగా కోసే పెద్ద రంపం మెషిను. దానికి సరిపోయే మంచి బ్లాకు ఎనిమిది క్యూబిక్ మీటర్లు అనుకోండి, పాతిక టన్నుల దాకా తూగుతుంది. రెండు సెంటీమీటర్ల పలకలు తీస్తే, తరుగు పోను 250 చదరపు మీటర్లకి అటూ ఇటూ వస్తుంది. ఎంత పెద్ద టవరైనా దాని లాబీకి ఒక ట్రైలరు రాయి, మహా అయితే రెండు. మీరు రాసిన ఆ అమ్ముడైపోయిన ప్రాజెక్టులన్నిటి లాబీలూ మన నల్ల రాయే పరిచినా క్వారీలో రెండు వారాల పని. పరచరు కూడా. ఇప్పుడు ఆ స్థాయి ఇళ్ళకి ఇటలీ పాలరాయి అడుగుతున్నారు, లేదా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతిలో తెల్లటివి, లేతరంగువి. వంటింటి గట్ల దగ్గర 2019, 2020 నుంచి ఫ్యాక్టరీలో కాల్చి చేసే పెద్ద పింగాణీ పలకలు వచ్చి పడ్డాయి. గీత ఉండదు, మరక పట్టదు, ఏ రాయిలా కావాలంటే ఆ రాయిలా అచ్చేసి ఇస్తారు. గెలాక్సీ డిజైను కూడా అచ్చేస్తున్నారని సుత్తి దొర ఫోన్లో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక మొత్తం దేశం సంగతి. చైనాలో 2021లో అమ్ముడైన కొత్త కట్టడాలు సుమారు 179 కోట్ల చదరపు మీటర్లు. 2024లో 97 కోట్లు. మనకి ఇంకా ముఖ్యమైనది కొత్తగా మొదలుపెట్టిన కట్టడాల లెక్క, ఎందుకంటే ఇవాళ పునాది పడితేనే రెండు మూడేళ్ళకి రాయి అడుగుతారు. అది 2019లో 227 కోట్ల చదరపు మీటర్లు. 2024లో 74 కోట్లు. మూడో వంతు కూడా లేదు! షాంఘైలో ఉన్నది రెండున్నర కోట్ల జనం, చైనాలో 140 కోట్లు. ఊరంతా ఇళ్ళు ఆగిపోయి ఒక వీధిలో బంగారు మేడలు లేస్తుంటే తాపీమేస్త్రీలకి మంచి రోజులొచ్చాయని అంటామా?

ఇది నేను అంకెల్లో మాత్రమే చూసింది కాదు. బిల్డర్లు అప్పులు చెయ్యడానికి హద్దులు పెడుతూ 2020 ఆగస్టులో ప్రభుత్వం షరతులు తెచ్చింది. అప్పు మీద అప్పుతో నడిచిన ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద కంపెనీ 2021 డిసెంబర్ కల్లా చేతులెత్తేసింది. 2024 జనవరిలో హాంగ్‌కాంగ్ కోర్టు దాన్ని మూసి ఆస్తులు పంచమంది. 2022లో, ముందే డబ్బు కట్టిన జనం తమ ఇళ్ళు సగంలో ఆగిపోయాయని బ్యాంకు వాయిదాలు కట్టడం మానేశారు. నేను రిటైరయ్యేనాటికి మా యార్డులో చైనా బయ్యర్లు మార్కింగ్ చేసి వెళ్ళిన బ్లాకులు నలభై పైన ఉన్నాయి. రంగుతో నంబర్లు వేశారు, అడ్వాన్సు కొంత ఇచ్చారు, తర్వాత ఫోన్లు ఎత్తలేదు. వాళ్ళనీ అనలేం, వాళ్ళకి రావాల్సింది వాళ్ళకి రాలేదు. ఏడాది తర్వాత చూడ్డానికి వెళ్తే ఎర్ర నంబర్లు ఎండకి వెలిసి గులాబీ రంగయ్యాయి. నాతోపాటు పనిచేసిన ఒక డ్రైవరు, మంచి రోజులని నమ్మి ఫైనాన్సులో కొన్న ట్రైలర్ని ఆ ఏడే వదులుకున్నాడు. ఆ టెన్షన్‌తో బీపీ తెచ్చుకొని ఇప్పుడు త్రోవగుంట దగ్గర టీ కొట్టు నడుపుతున్నాడు.

మళ్ళీ గిరాకీ రాదని నేను అనడం లేదు. రాయికి ఎప్పుడూ ఎగుడుదిగుళ్ళు ఉన్నాయి. మన దేశంలోనే ఇప్పుడు వాడకం పెరిగింది, ఆ లెక్క చూసుకొని ఎవరైనా ఫ్యాక్టరీ పెడితే అది వేరే సంగతి. మా బావమరిదికి ఆ ఫ్యాక్టరీ కరెంటు బిల్లు ఎంతో తెలీదు, పాత బాకీలు ఎంతో తెలీదు, పోయిన ఏడాది ఎన్ని అడుగుల పలక బయటికి వెళ్ళిందో తెలీదు. వాడికి తెలిసింది ఒక్కటే, షాంఘైలో ఇళ్ళు ఒక్కరోజులో అయిపోతున్నాయని. వాటా అమ్మేవాళ్ళ దగ్గర కూడా అదే కటింగ్ ఉందట, జిరాక్సులు తీసి ఇస్తున్నారట. మీ విలేకరిని ఒకసారి కర్నూలు రోడ్డు మీదుగా చీమకుర్తి, రామతీర్థం దాకా పంపండి. యార్డుల్లో ఆగి ఉన్న బ్లాకులు లెక్కపెట్టమనండి, ట్రైలర్ల వాళ్ళని నెలకి ఎన్ని ట్రిప్పులు దొరుకుతున్నాయో అడగమనండి. ఆ అంకెలు వెయ్యండి, షాంఘై బొమ్మ పక్కనే వెయ్యండి.

మా వంటింటి గట్టు కూడా గెలాక్సీయే. ఎగుమతికి పనికిరాదని పక్కన పడేసిన ముక్క, మధ్యలో సన్నటి తెల్ల గీత ఉంది. ఈ ఉత్తరం ఆ గట్టు మీదే పెట్టి మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా బాగుంది గానీ తమ్ముణ్ణి మరీ తెలివి తక్కువవాడిలా చూపించారంది. అందుకే వాడి పేరు రాయడం లేదు, నా పేరు కూడా అచ్చు వెయ్యొద్దని మనవి. బయానా ఇవ్వాల్సింది వచ్చే నెల 5వ తేదీన. ఆలోపు ఇది వేస్తే, కటింగు నేనే కత్తిరించి వాడి జేబులో పెడతాను.

ఇట్లు,
ఒక రిటైరైన గ్రానైట్ ఉద్యోగి,
ఒంగోలు.